ఎర్ర ట్యాగు కట్టిన జత

అక్టోబర్ 6, 2018, శనివారం. పొద్దున 7

మళ్లీ అదే ఊళ. వేగం గంటకి నలభై అయిదు మైళ్లు దాటగానే మొదలవుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఆగుతుంది, కాలు వేస్తే అందుకుంటుంది. ఎవరైనా మధ్యలో నా మాట ఆపితే నేను అందుకున్నట్టే.

బండికి ముప్పై ఏళ్లు. వెనక చక్రాలతో నడిచే పాత స్టేషన్ వ్యాగన్. గురువారం గురువారం వారపత్రిక కట్టలు టొలీడో ఊరంతా పంచేది దీంట్లోనే. నా కాలమ్ వచ్చే పత్రికని నేనే మోసుకెళ్లి పంచుతాను. నవ్వేవాళ్లు నవ్వుకోనీ.

గ్రెచెన్ ఆ పత్రికకి ఎడిటరూ, యజమానీ, ప్రూఫ్‌రీడరూ. మొన్న కట్టలతో పాటు తనూ ఎక్కింది. వెనక ఎవరో ఏడుస్తున్నట్టుందేంటి అంది. డిఫరెన్షియల్ అన్నాను. అది నయం, నీ పాఠకుడేమో అనుకున్నా అంది.

అక్టోబర్ 7, ఆదివారం

ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకి మార్చాను. ఊళలో మార్పు లేదు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో బండిని పాములా అటూ ఇటూ తిప్పాను. చక్రాల బేరింగ్ అయితే ఒక పక్కకి ఒరిగినప్పుడు గొంతు మారాలి. మారలేదు. అంటే డిఫరెన్షియలే. వెనక చక్రాల మధ్య బండి కింద వేలాడే గుమ్మడికాయంత ఇనప బుర్ర. ఇంజన్ నుంచి వచ్చే కడ్డీ చివర చిన్న గేరు, పినియన్. దాని పళ్లలో పళ్లు వేసి తిరిగే పెద్ద గేరు, రింగ్ గేర్. రెండూ దాని కడుపులోనే.

ఈ ఊళ్లో ఎవడికీ ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. యాభై ఏళ్లు వాటినే చేసిన ఊరు. నేను ఇరవై రెండేళ్లు ఆ యాక్సిల్ ప్లాంట్ షిప్పింగ్ డాక్ మీద పెట్టెలు ఎక్కించాను, యూనియన్ పత్రిక నడిపాను. 2007లో మూసేశారు. ఇప్పుడు అక్కడ కంచె, లోపల గడ్డి.

అక్టోబర్ 8, సోమవారం

గ్యారేజీవాడు బూటు కొనతో టైరు తట్టి, వదిలేయండి సార్, బాగుచెయ్యడం కంటే ఇంకోటి కొనుక్కోవడం తేలిక అన్నాడు.

మా ప్లాంట్ గురించీ ఇదే మాట అన్నారు. మా వీధి బడి గురించీ అన్నారు. మా అమ్మ తుంటి ఎముక గురించి కూడా, కాస్త మర్యాదగా, తెల్లకోటు వేసుకుని అన్నారు. ఏది బాగుచెయ్యాలో ఏది పారెయ్యాలో తేల్చే కుర్చీలో ఎప్పుడూ ఒకడే కూర్చుంటాడు. వాడి బండికి మాత్రం ఊళ ఉండదు.

మూడు పేరాలు వచ్చాయి. కాలమ్‌కి దాచాను. బండి నేనే విప్పుతాను.

అక్టోబర్ 13, శనివారం

జాకీ స్టాండ్ల మీద నిలబెట్టాను. పది బోల్టులు. మూత సందులోంచి ముందు వాసన వచ్చింది, తర్వాత ఆయిల్. పాత గేర్ ఆయిల్‌ది కుళ్లిన కోడిగుడ్ల కంపు. ఇరవై రెండేళ్లు ఆ కంపుతోనే ఇంటికొచ్చేవాణ్ణి. కాపురం ఉన్నన్నాళ్లూ నా భార్య లూయిస్ నా బట్టలు విడిగా ఉతికేది. ఇవాళ ఆ కంపుకి కళ్లు చెమర్చాయి. ఎవరికీ చెప్పేది కాదు కనక ఇక్కడ రాస్తున్నాను.

ఆయిల్ నిండా వెండి రజను. పినియన్ బేరింగ్ అరిగిపోయింది. పినియన్ ఊగులాడి, రెండు గేర్లూ ఒకదాని పళ్లు ఒకటి కొరుక్కున్నాయి. రింగ్ గేర్ అంచు తుడిస్తే వృత్తంలో నక్షత్రం కనిపించింది. మా ప్లాంట్ ముద్ర. ఒకప్పుడు నేనే ఎక్కించిన పెట్టెలోదే అయ్యుంటుంది.

కొత్త గేర్లు కేటలాగ్‌లో ఉన్నాయి. ఎక్కడో యూనియన్ అన్న మాట ఎత్తితే గేటు బయట పడేసే చోట చేసినవి. కొనను. నక్షత్రం ముద్ర ఉన్నవే వేస్తాను, లేదా నడిచి పంచుతాను.

అక్టోబర్ 14, ఆదివారం

డ్యూయీ పాత బళ్ల యార్డులో నాలుగు గంటలు బురదలో పడుకున్నాను. ఒక వ్యాగన్‌లో రింగ్ గేర్ అద్దంలా ఉంది, పినియన్ తుప్పు పట్టింది. పక్క వరసలో ఒక పికప్‌లో పినియన్ నిక్షేపంలా ఉంది, రింగ్ గేర్‌కి పన్ను విరిగింది. దీంట్లోంచి అది, దాంట్లోంచి ఇది తీశాను. రింగ్ గేర్‌కి నలభై ఒక్క పళ్లు, పినియన్‌కి పదకొండు. రెండింటి మీదా నక్షత్రం. ఒకదాని మీద 318 అనీ, రెండోదాని మీద 92 అనీ సన్నగా గీకిన అంకెలున్నాయి. షిఫ్ట్ నంబర్లు కాబోలు.

ఈ అవస్థంతా ఎందుకు, కొత్తవి తెప్పించుకోరాదా అన్నాడు డ్యూయీ. అది నా సిద్ధాంతం అన్నాను. గేర్లకి ఓటు లేదయ్యా బాబూ అన్నాడు. వాడి టోపీ మీద ఏ పార్టీ పేరుందో నేను రాయను. వాడి దగ్గర కాఫీ మాత్రం బావుంటుంది.

అక్టోబర్ 20, శనివారం

కొత్త బేరింగులు కొట్టాను. పినియన్ వెనక పల్చటి రేకులు ఒకటి తీసి ఒకటి పెట్టి ఎత్తు సరిచేశాను. పళ్లకి పసుపు పేస్ట్ పూసి చేత్తో తిప్పితే, ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ పేస్ట్ చెరుగుతుంది. పన్ను నడిమధ్య చెరగాలి. నాకు కాస్త అంచుకి జరిగింది. ఆరుసార్లు విప్పి ఆరుసార్లు బిగించాను. ఏడోసారి ఓపిక లేదు. ఫరవాలేదు అనుకున్నాను. చేతులు పసుపు, మొహం నలుపు.

అక్టోబర్ 21, ఆదివారం

ముందుకంటే ఎక్కువ.

ముందు కుక్క ఊళ. ఇప్పుడు అగ్నిమాపక బండి సైరన్. పక్క కారువాడు నిజంగానే దారి ఇచ్చాడు.

అక్టోబర్ 22, సోమవారం

మళ్లీ విప్పాను. తప్పు కనిపించలేదు. మళ్లీ బిగించాను. మళ్లీ ఊళ.

అక్టోబర్ 25, గురువారం

కట్టలు పంచడం అయ్యింది. వెళ్లిన ప్రతిచోటా ముందు శబ్దం చేరి, తర్వాత నేను చేరాను. మంగలి షాపులో జులియస్ కత్తెర ఆపి, ఒడెస్సా దగ్గరికి తీసుకెళ్లరాదూ, నిమిషంలో చెప్తుంది అన్నాడు. వినపడనట్టు ఊరుకున్నాను. ఇంకా మాటల్లేవా మీకు, పదమూడేళ్లయ్యిందిరా నాయనా అన్నాడు.

ఒడెస్సా ప్రూయిట్. ప్లాంట్‌లో సౌండ్ రూమ్ అని ఒక గది ఉండేది. బయటికెళ్లే ప్రతి గేర్ జతనీ అక్కడ మెషిన్‌కెక్కించి, బరువు పెట్టి వేగంగా తిప్పేవారు. పక్కన నిలబడి వినడమే ఆవిడ ఉద్యోగం. బావుంటే పచ్చ రంగు చుక్క, బాగోలేకపోతే ఎర్ర ట్యాగు. ముప్పై ఒక్క ఏళ్లు. ఆవిడ చుక్క పెట్టిన గేరు తిరిగొచ్చిందంటే వార్త.

నదీన్ యాకిమ్ గేర్లకి ఒరిపిడి పట్టే మెషిన్ నడిపేది. మా యూనియన్‌లో గట్టి గొంతు. 2005లో నదీన్ చేసిన గేర్లకి ఎర్ర ట్యాగులు వరస కట్టాయి. ఏప్రిల్‌లో, పనికిరాని సరుకు చేస్తోందని ఆమెని తీసేశారు. ఒడెస్సా చేత కంపెనీయే ట్యాగులు వేయించిందని నేను రాశాను. కంపెనీ చెవి అని శీర్షిక పెట్టాను. ఆ తర్వాత రెండేళ్లు, ప్లాంట్ మూసేదాకా, క్యాంటీన్‌లో ఒడెస్సా బల్ల దగ్గర ఒక్కరూ కూర్చోలేదు.

ఇప్పుడు రాయమన్నా అదే రాస్తాను.

అక్టోబర్ 27, శనివారం. మధ్యాహ్నం 2

వెళ్లాను.

తలుపు తీసి, కాసేపు నా మొహం చూసి, ఏం పేపరూ, దారి తప్పావా అంది. ప్లాంట్‌లో నా పేరు గేబ్ వరాడి అని ఎంతమందికి తెలుసో గాని పేపరు అంటే అందరికీ తెలుసు. వెనక డిఫరెన్షియల్ అరుస్తోందండీ అన్నాను. జవాబు లేదు. గట్టిగా అన్నాను. అరవకు, అరిస్తే నీ మూతి వంకర పోతుంది, నేను చదువుకోలేను అంది.

అప్పటిగ్గాని నాకు అర్థం కాలేదు. ఒడెస్సాకి వినపడదు.

సాయంత్రం 5

మిగతాది రాస్తాను.

ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది పాత రేడియోలా గరగర. ఆవిడ వయసు అరవై తొమ్మిది. చెవి ప్లాంట్‌లోనే పోయిందని నష్టపరిహారం క్లెయిమ్ పెట్టింది. రెండుసార్లు కొట్టేశారు. ప్లాంట్‌లో పని చేసినన్నాళ్లూ వినికిడి బానే ఉందని కంపెనీ వాదన, తర్వాత వయసుతో పోయిందట. ఆఖరి విచారణ నవంబర్ 14న, రాష్ట్ర రాజధాని కొలంబస్‌లో.

డబ్బుకేం లేదులే పేపరూ, ఆ గదే నా చెవి తీసుకుందని వాళ్ల చేత్తో వాళ్లు ఒక కాగితం మీద రాయాలి, అంతే అంది.

ప్లాంట్‌లో అందరికీ చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇచ్చారు. పెట్టుకోకపోతే జరిమానా. సౌండ్ రూమ్‌లో వాళ్లకి మాత్రం పెట్టుకుంటే జరిమానా. వినడమే పని కదా. అంత శబ్దం మధ్య, ఖాళీ చెవులతో, ఎడమ పక్క మెషిన్ పెట్టుకుని ముప్పై ఒక్క ఏళ్లు. నేను ఇరవై రెండేళ్లు ఆ గది పక్కనుంచే నడిచాను. దాని మీద ఒక్క వాక్యం రాయలేదు. అక్కడ నాకు కనిపించింది కంపెనీ చెవి ఒకటే.

ఇవాళ రాస్తాను, పేజీ నిండా రాస్తాను అన్నాను. ముందు బండి తియ్యి అంది.

సీట్లో కూర్చోలేదు. వెనక సామాన్ల చోట తివాచీ ఎత్తి, ఒట్టి రేకు మీద చతికిలబడి, అరచెయ్యి ఆనించింది. కళ్లు మూసుకుంది. నలభై అయిదు, యాభై. మైలు వెళ్లామో లేదో నా సీటు వెనక తట్టింది. ఆపాను. ఇవి మొగుడూ పెళ్లాలు కావు అంది.

నాకు తెలియలేదు. ఆవిడ నవ్వింది. షిప్పింగ్‌వాళ్లకి పెట్టె బరువు తప్ప ఏం తెలుసు అంది. రింగ్ గేర్, పినియన్ రెండింటినీ కలిపి గంటల తరబడి ఒరిపిడి పడతారట. ఒకదాని గరుకు ఒకటి అరగదీసుకుని, దాని పన్నుకే దీని పన్ను అలవాటవుతుందట. అప్పుడు రెండింటి మీదా ఒకే అంకె గీకి, తీగతో కట్టేస్తారు. తీగ తెగినా అంకె చూసి జత కలపాలి. సౌండ్ రూమ్‌లో ఆడవాళ్లంతా వాటిని మొగుడూ పెళ్లాం అనేవారట.

నీ వాటి మీద ఏముంది అంది. 318, 92 అన్నాను. మరి చదివావుగా అంది. షిఫ్ట్ నంబర్లు అనుకున్నానన్నాను. అడగొచ్చుగా ఎవర్నైనా అంది.

ముద్ర చూశాను, అంకె చూడలేదు. నక్షత్రం ఉంటే చాలనుకున్నాను.

అక్టోబర్ 28, ఆదివారం

నిద్ర లేదు. ఉదయమే మళ్లీ వెళ్లాను. వంటగది ఫ్రీజర్ తీసింది, ఆకుకూర ఉడకబెట్టి పెట్టిన డబ్బాల మీద ఎర్ర ట్యాగులు. ప్లాంట్ మూసేసిన రోజు ఒక కట్ట తెచ్చుకుందట, తేదీ రాసుకోడానికి పనికొస్తాయని. ట్యాగు మీద తేదీ, కారణం, సంతకం అని మూడు గీతలుంటాయి. కారణం దగ్గర మొక్కజొన్న రొట్టెలోకి అని రాసి ఉంది.

తర్వాత వెనక వరండా తలుపుకి అడ్డుపెట్టిన బరువు చూపించింది. గేర్ల జత. తీగ కట్టి ఉంది. నలభై ఒకటి, పదకొండు, రెండింటి మీదా 407. తీగకి ఎర్ర ట్యాగు. 29 జూన్ 2007, కారణం: శబ్దం, ఓ.పి.

ప్లాంట్ ఆఖరి రోజు ఆవిడ ట్యాగు వేసిన ఆఖరి జత. చెత్తలోకి పోయేదేగా అని తెచ్చుకుంది. ఇది బండికి వెయ్యి అంది.

ఎర్ర ట్యాగుది ఎందుకు వెయ్యాలండీ అన్నాను. ఆవిడ నా నోటి వంక కాదు, నా కళ్ల వంక చూసింది. అది నిజంగా అరిస్తే, ఆ రోజుకి నా చెవి బానే ఉందని. అరవకపోతే, నా చెవి అప్పటికే పోయిందని. నాకు తెలియాలి అంది.

ఇంతకంటే సాక్ష్యం ఏముంటుంది. తేదీ ఉంది, సంతకం ఉంది, గేర్లున్నాయి. అవి నిశ్శబ్దంగా తిరిగితే కంపెనీ నోరు మూతపడుతుంది. గెలిచామండీ అన్నాను. ఆవిడ లోపలికెళ్లి డబ్బాలు ఫ్రీజర్‌లో సర్దుకుంది.

నవంబర్ 3, శనివారం

నా గ్యారేజీలో పాల క్రేటు బోర్లించి దాని మీద కూర్చుంది. నేను బట్టీపెట్టిన బోల్టుల క్రమం ఒక్కటీ ఆవిడకి నచ్చలేదు. పసుపు పేస్ట్ పూసి తిప్పాను. గుర్తు అంచుకి పడింది. ఫరవాలేదు కదా అన్నాను. ఫరవాలేదు అనేది నీ కాలమ్‌లో పెట్టుకో, గేర్లలో పెట్టకు అంది. రేకు మార్చాను. మళ్లీ. మళ్లీ. పదకొండోసారికి గుర్తు పన్ను నడిమధ్య పడింది, బొటనవేలి ముద్రంత. ఆవిడ వంగి చూసి, చేతిలో ఉన్న ట్యాగు మీద తన సంతకం తడిమింది.

పని మధ్యలో వాదించుకున్నాం. కాంట్రాక్ట్ గురించి, సమ్మె గురించి, ఎవరు ఎప్పుడు లొంగారన్న దాని గురించి. నేను మాట్లాడుతుంటే మొహం పక్కకి తిప్పేసుకుంటుంది. దాంతో వాదన అయిపోతుంది. ముప్పై ఏళ్లలో నన్ను ఎవరూ ఇంత తేలిగ్గా ఓడించలేదు.

నవంబర్ 4, ఆదివారం

మూత బిగించాను. కొత్త ఆయిల్ పోశాను. ఈసారి ముందు సీట్లో కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. రేకు మీద చెయ్యి పెట్టరేంటండీ అన్నాను. పెట్టను, నువ్వు చెప్పు అంది. అప్పుడు నన్ను అడగకుండా రాశావు. ఇప్పుడు నేనే నిన్ను అడుగుతున్నాను. ఉన్నది చెప్పు అంది.

నది పక్క రోడ్డు. నలభై. నలభై అయిదు. యాభై. యాభై అయిదు.

టైర్ల చప్పుడు, గాలి. ఇంకేం లేదు. కాలు తీసినా లేదు, వేసినా లేదు. ఈ బండిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

గెలిచాం అని కేక పెట్టాలి నేను. అప్పుడే నాకు తట్టింది. ఈ జత మంచిదైతే, ట్యాగు తప్పైతే, ఆఖరి రోజుదొక్కటేనా. 2005లో వేసినవో. నదీన్ ట్యాగులో.

అరుస్తోందండీ అని చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి, కంపెనీ గెలిస్తే గెలిచింది అనుకున్నాను. ఆవిడ నా పెదాల వంకే చూస్తోంది.

శబ్దం లేదండీ అన్నాను.

తల ఊపింది. తెలియనప్పుడు ఎర్రది వేసేదాన్ని పేపరూ అంది. పచ్చ చుక్క తప్పైతే బండి రోడ్డు మీద అరుస్తుంది, నా పేరు తిరిగొస్తుంది. ఎర్రది తప్పైతే చెత్తడబ్బాలోకి పోతుంది, ఎవరికీ ఏం కాదు అనుకున్నాను అంది.

నవంబర్ 6, మంగళవారం

కాలమ్ లేదని గ్రెచెన్‌కి చెప్పాను. ఒంట్లో బాలేదా అంది.

నవంబర్ 14, బుధవారం. రాత్రి

కొలంబస్. వెళ్లేటప్పుడు మాట్లాడుకోలేదు. మాట్లాడటానికి ఆవిడ నా మొహం చూడాలి, నేను రోడ్డు చూడాలి.

విచారణ అధికారి గుండ్రటి మొహం ఆవిడ, జలుబుతో ఉంది. కంపెనీ లాయర్ కుర్రాడు. ముప్పై ఏళ్ల బండి అరవకపోవడం వైద్య సాక్ష్యం కాదన్నాడు. ఆ మాట నిజమే, అందుకే నాకు వాడి మీద మంట. అధికారి ముక్కు తుడుచుకుని, బండి ఎక్కడుంది అంది. కోటు వేసుకుని దిగొచ్చి, లాయర్‌ని వెనక సీట్లో ఎక్కించి, తను వాడి పక్కన కూర్చుంది. ఊరి చుట్టూ రోడ్డు మీద అరవై దాకా పోనిచ్చాను. ఏం వినాలి అంది. ఏమీ వినకూడదండీ అన్నాను. ట్యాగు తీగతో సహా చేతిలో పట్టుకుని తేదీ రెండుసార్లు చదివింది.

మళ్లీ గదిలో ఒడెస్సా ప్రమాణం చేసి చెప్పింది. 2004 నుంచే ఎడమది పని చెయ్యలేదని. చెబితే సౌండ్ రూమ్ నుంచి తీసేస్తారని భయపడి చెప్పలేదని. తన ట్యాగుల వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయిందని. ఆ మాట అడక్కుండానే చెప్పింది. క్లెయిమ్‌కి అది అక్కర్లేదు. పేరు కూడా చెప్పి, రాసుకోండి అంది.

తిరిగొచ్చేటప్పుడు ఫిండ్లే ఊరి దగ్గర హైవే దిగమంది. నదీన్ ఇప్పుడు అక్కడ వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేస్తోంది. ఇల్లు ఎప్పట్నుంచో తెలుసట, ఎప్పుడూ రాలేదు. నువ్వు బండిలోనే ఉండు, నువ్వొస్తే మీటింగ్ అవుతుంది అంది. ఉన్నాను. యాభై నిమిషాలు. తలుపు దగ్గర ఇద్దరూ కనిపించారు, నదీన్ చేతులు గాలిలో ఆడుతున్నాయి. సమ్మెలో గేటు దగ్గర కాపలా కాసిన రోజుల్లో ఆడినట్టే. నా వంక చూసి చెయ్యి ఊపలేదు.

ఒడెస్సా కాగితం సంచీలో నదీన్ ఇచ్చిన, మాంసం కూరిన క్యాబేజీ ఆకుల చుట్టలు తెచ్చుకుంది. ఎక్కి బెల్టు పెట్టుకుంది. నేను బండి తియ్యలేదు. ఆవిడ వంక తిరిగి కూర్చున్నాను.

నా చెవి సంగతి నదీన్‌కి అప్పుడే తెలుసట అంది.

నేను మాట్లాడేటప్పుడు నా కళ్లు కాదు, నా మూతి చూసేదానివి ఒడెస్సా, పిచ్చిదాన్నా నేను అందట నదీన్. ఫిర్యాదు పెట్టి ఆ గేర్లు ఇంకో చెవికి వినిపించి ఉంటే ఉద్యోగం నిలబడేదట. అప్పుడు ఒడెస్సాది పోయేది. ఒడెస్సాకి పెన్షన్‌కి రెండేళ్లే ఉంది. నదీన్‌కి ఇంకా చేతులు గట్టిగా ఉన్నాయి, ఎక్కడైనా బతుకుతాననుకుందట.

ఫిర్యాదు వద్దు గేబ్, వదిలెయ్యి అని నదీన్ నాతో అంది, 2005లో, పార్కింగ్ లాట్‌లో. భయపడిపోయింది పాపం అనుకున్నాను. రాశాను కూడా. సంఘీభావం గురించి ఇరవై ఏళ్లు రాశాను. అది నా ఎదురుగా నిలబడి వదిలెయ్యి అంటే, పిరికితనం అని పేరు పెట్టాను.

నవంబర్ 16, శుక్రవారం

పదమూడేళ్లలో ఒక్క సవరణ కూడా వెయ్యలేదు నేను. వెయ్యనని పందెం కాసినవాణ్ణి. ఇవాళ సవరణ రాయడానికి కూర్చున్నాను. ఎనిమిది వందల నలభై మాటలు వచ్చాయి. చెవి బిరడాలు, సౌండ్ రూమ్, కంపెనీ, చట్టం, అప్పటి పరిస్థితుల్లో ఎవరైనా అలాగే అనుకునేవారన్నది, అన్నీ. బావుంది. ముందు చూపిద్దామని ఒడెస్సా పోస్ట్‌డబ్బాలో వేసొచ్చాను.

నవంబర్ 20, మంగళవారం

పోస్ట్‌లో తిరిగొచ్చింది. తీగతో ఎర్ర ట్యాగు కట్టి ఉంది. కారణం: శబ్దం. ఓ.పి.

నవంబర్ 21, బుధవారం

ఏం శబ్దం. ఎక్కడ శబ్దం. నిజం రాస్తే శబ్దమా. ఆవిడ కోసమే కదా రాశాను. వెళ్లి అడుగుదామని బయల్దేరి, మలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చాను. చదివాను. నేను తప్పు చేశానన్న మాట తొమ్మిదో పేరాలో ఉంది.

నవంబర్ 30, శుక్రవారం

ఈసారి రెండు వందల మాటలు. ఎర్ర ట్యాగు. కారణం: ఇంకా అరుస్తోంది.

డిసెంబర్ 7, శుక్రవారం

తీర్పు వచ్చింది. ఎడమ చెవి ఉద్యోగంలో పోయిందని ఒప్పుకున్నారు. కుడిది వయసు వల్లనట. ఒకే తల, ఒకే గది, ఒకే శబ్దం, చెవులు మాత్రం రెండు పార్టీలు. అప్పీలు చేద్దామని ఊగిపోతూ వెళ్లాను. ఒడెస్సా ఆ కాగితాన్ని ఫ్రీజర్ తలుపుకి అయస్కాంతంతో అంటించుకుంది. మెషిన్ పక్కన పనిచేసింది ఎడమదేగా అంది. తిను అని మొక్కజొన్న రొట్టె పెట్టింది.

లేచేటప్పుడు, నీది ఇంకా రాలేదు పేపరూ అంది.

డిసెంబర్ 13, గురువారం

రెండో పేజీ, కింద మూల:

సవరణ. 2005 ఏప్రిల్‌లో ఒడెస్సా ప్రూయిట్ గురించి నేను రాసింది తప్పు. ఆమెను అడగలేదు. గేబ్ వరాడి.

కట్టలు పంచి వచ్చాను. పోస్ట్‌డబ్బాలో ట్యాగు లేదు.